కాప్రా బీరువాల్లోంచి కొత్త ఫ్యాషన్

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ చౌరస్తా నుంచి కాప్రా వైపు కాలనీల్లో మధ్యాహ్నం పూట ఒక కేక వినిపిస్తుంటుంది. "పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మా..." అని. నెత్తిన గంప. గంపలో తళతళలాడే గిన్నెలు, డబ్బాలు. భుజాన పాత బట్టల మూట. ఏదో ఒక గుమ్మం ముందు గంప దిగుతుంది, బేరం మొదలవుతుంది. ఇంటావిడ నాలుగు ప్యాంట్లు, రెండు చీరలు తెచ్చి పడేస్తుంది. గంప దించిన ఆమె ఒక్కొక్కటీ విప్పుతుంది. వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తుంది. చిరుగుందా? రంగు వెలిసిందా? అంచు బాగుందా? అప్పుడు అంటుంది. "ఇంకో చీర వెయ్యమ్మా, ఈ డబ్బా ఇచ్చేస్తా."

చూడటానికి అది చిన్న బేరమే. సెకండ్ హ్యాండ్ బట్టల వ్యాపారంలో అసలు విద్యంతా మాత్రం ఆ గుమ్మం దగ్గరే ఉంది. బట్టను చూసే చూపు, మాట కలిపే నేర్పు, ఏది మళ్లీ అమ్ముడవుతుందో తెలిసిన లెక్క. ఈ రోజు మన ప్రసంగం ఆ విద్య గురించే. నడుస్తున్న ఫ్యాషన్‌ను గమనించుకుంటూ పాత బట్టల కొట్టులో సరుకు నింపుకోవడం ఎలా? అదీ కాప్రా, ఉప్పల్, నాచారం లాంటి చోట?

కొత్త బట్టల కొట్టాయన పని వేరు. ఒక డిజైను నడుస్తోందని తెలియగానే సూరత్‌కు ఫోన్ చేస్తాడు. కొద్ది రోజుల్లో పార్సిల్ దిగుతుంది. అదే రంగు, అదే డిజైను, అన్ని సైజులూ. పాత బట్టల కొట్టుకు ఆ వీలు లేదు. ఎవరో ఒకరు బీరువా సర్దుకోవాలి. ఇక అక్కర్లేదనుకున్నది బయట పెట్టాలి. అప్పుడే సరుకు. కాబట్టి ఇక్కడ ఫ్యాషన్ వెంట పరిగెత్తి లాభం లేదు. ఫ్యాషన్ ఎటు తిరుగుతోందో చూడాలి. దానికి సరిపోయే పాత బట్ట ఏ ఇంటి బీరువాలో ఉందో పసిగట్టాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మళ్లీ వస్తుంది. పాత బట్టల కొట్టు లాభం కొనేటప్పుడే తేలిపోతుంది.

మరి కాప్రా చుట్టుపక్కల బీరువాల్లో ఏముంది?

1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, మనం పిలుచుకునే ఈసీఐఎల్, ఇక్కడ మొదలైంది. దాన్ని నిలబెట్టిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు. ఆయన పేరు మీదే ఏఎస్ రావు నగర్ వెలిసింది. 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వచ్చింది. పక్కనే మాజీ సైనికులు కట్టుకున్న సైనిక్‌పురి. ఇటు నాచారంలో ఫ్యాక్టరీలు. నెలనెలా జీతం, పండక్కి కొత్త బట్టలు, ఆడపిల్ల పెళ్లి కుదిరితే కంచి ప్రయాణం. అలా బతికిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయిక్కడ. ఇప్పుడా తరం రిటైరైంది. చాలా ఇళ్లల్లో పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. ఇంట్లో ఉండేది ఇద్దరే. బీరువా మాత్రం నిండుగా ఉంది. పై అరలో పట్టుచీరలు. మధ్య అరలో నూలు చీరలు, పోచంపల్లి, వెంకటగిరి. కింద అరలో సఫారీ సూట్లు, స్వెటర్లు, ఇస్త్రీ మడత చెదరని చొక్కాలు.

అవే వీధుల్లో ఇంకో తరం కూడా తిరుగుతోంది. ఉప్పల్ ఐటీ ఆఫీసులకు వెళ్లేవాళ్లు, పోచారం ఇన్ఫోసిస్‌కు వెళ్లేవాళ్లు. ఘట్‌కేసర్, కీసర దారుల్లో ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు. తార్నాక దాటితే ఉస్మానియా. హాస్టల్ గదుల్లో, షేరింగ్ ఫ్లాట్లలో ఉండే వయసు. నలుగురిలో కాస్త వేరుగా కనిపించాలని ఉంటుంది. పర్సులో డబ్బు అంతంతమాత్రం. ఇటు బట్టలున్న ఇల్లాలు, అటు బట్టలు కావలసిన పిల్ల. ఇద్దరూ ఒకే బస్టాపులో నిలబడతారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆ ఇద్దరినీ కలిపే పని కొట్టుది.

కాప్రాలో ఒకావిడ అలాంటి కొట్టు పెట్టిందనుకుందాం. చిన్న షటరు, రెండు స్టాండ్లు, ఒక నిలువుటద్దం. ఆమె మొదట దేనికోసం వెతకాలి?

దీనికి మన సినిమాల్లోనే మంచి ఉదాహరణ ఉంది. 2018 మే నెలలో 'మహానటి' విడుదలైంది. సావిత్రి జీవితకథ. ఆ పాత్రలో కీర్తి సురేష్ కట్టిన చీరలు, తొడుక్కున్న బుట్ట చేతుల జాకెట్లు, ఆ జడలు, ఆ పూలు ప్రేక్షకులు కళ్లప్పగించి చూశారు. ఆ సినిమా దుస్తులకు ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు జాతీయ అవార్డు అందుకున్నారు. గౌరంగ్ షా మన హైదరాబాద్ డిజైనరే, జామ్‌దానీ నేతతో పేరు తెచ్చుకున్నాడు. సావిత్రి నటించిన 'మాయాబజార్' వచ్చింది 1957లో. ఆ రోజుల కట్టూబొట్టూ అరవై ఏళ్ల తర్వాత పెళ్లి ఫొటోల్లోకి, కాలేజీ వేడుకల్లోకి తిరిగొచ్చింది.

ఆ సినిమా చూసిన అమ్మాయి కొత్త బట్టల కొట్టుకు వెళ్లి "అలాంటి చీర చూపించండి" అంటుంది. వాళ్లు అలాంటిది చూపిస్తారు. పాత బట్టల కొట్టులో మాత్రం ఆ కాలం చీరే దొరకవచ్చు. అమ్మమ్మ పెట్టెలోంచి వచ్చిన అసలు చీర. ఈ కొట్టుకున్న బలం అది. కొత్త కొట్టుతో ధరలో పోటీ పడితే కొన్నాళ్లకే అలిసిపోతుంది. పాతదనాన్నే సరుకుగా చూపిస్తే దానికి పోటీ ఉండదు.

సినిమా పేరుతో వచ్చే ప్రతి గాలికీ ఊగిపోకూడదు కూడా. 2021 డిసెంబరులో 'పుష్ప' వచ్చింది. కొద్ది వారాలకే సూరత్‌లో చీరల మీద అల్లు అర్జున్, రష్మిక బొమ్మలు అచ్చు వేశారు. పుష్ప చీరలని టీవీల్లో చూపించారు. అంతకుముందు బాహుబలి చీరలు వచ్చాయి. సరదాగా ఉంటాయి, ఆ నెలలో ఇట్టే అమ్ముడవుతాయి. ఏడాది తిరిగాక అదే చీర పాత బట్టల కొట్టుకు వస్తే కొట్టామె ఏం చేయాలి? అభిమానిగా ముచ్చటపడొచ్చు. వ్యాపారిగా మాత్రం చాలా తక్కువకు వస్తే తప్ప ముట్టుకోకూడదు. ఆ ముచ్చట సినిమాతో పాటే వెళ్లిపోయింది. బుట్ట చేతుల జాకెట్టు సంగతి వేరు. దానికి కుట్టు ఉంది, కోత ఉంది, ఒక కాలం రూపు ఉంది. అది పోయినా మళ్లీ వస్తుంది. బొమ్మ మీద నడిచే ఫ్యాషన్‌ను వదిలేయాలి. నేత మీద, కోత మీద నడిచే ఫ్యాషన్‌ను పట్టుకోవాలి. కొట్టామె కొనే బల్ల దగ్గర వేసుకోవాల్సిన మొదటి లెక్క ఇది.

నేత అంటే కాప్రా వాళ్లు ఎంతో దూరం వెళ్లక్కర్లేదు. ఉప్పల్ దాటి తూర్పుగా వెళ్తే భూదాన్ పోచంపల్లి. 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలుపెట్టిన ఊరు. ఇక్కత్ నేతకు పేరుమోసిన ఊరు. ఇప్పుడు ఇక్కత్ కుర్తాలు, ఇక్కత్ ఫ్రాకులు, ఇక్కత్ కోట్లు ఆఫీసు పిల్లలు ఇష్టపడి వేసుకుంటున్నారు. పాత పోచంపల్లి చీర ఏ ఇంట్లో చూసినా ఒకటైనా ఉంటుంది. ఆ చీర కొంటే అందులోంచి ఒక కుర్తా, ఒక దుపట్టా తేలిగ్గా వస్తాయి.

అయితే ఒక జాగ్రత్త ఉంది. ఇక్కత్‌లా కనిపించేదంతా ఇక్కత్ కాదు. అచ్చు వేసిన బట్ట కూడా చాలా తిరుగుతోంది. కొట్టామె చీర అంచు పట్టుకుని వెనక్కి తిప్పి చూడాలి. పోచంపల్లిలో పోగును ముందే ముడులు వేసి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. అందుకని ముందు వైపు ఎంత రంగు ఉంటుందో వెనక వైపూ అంతే ఉంటుంది. పువ్వు అంచులు కూడా కాస్త తడిసి అలుముకున్నట్టు ఉంటాయి. అచ్చు బట్ట అలా ఉండదు. వెనక్కి తిప్పితే రంగు పాలిపోతుంది, గీతలు మరీ తీరుగా ఉంటాయి. ఇంట్లో ఉన్న చీరతో ఈ పరీక్ష ఇవాళే చేసి చూడండి. వెనక్కి తిప్పండి. రెండు వైపులా ఒకేలా ఉందా?

ఇక పట్టుచీర. ఈ వ్యాపారంలో అన్నింటికంటే విలువైన సరుకు, అన్నింటికంటే తొందరగా మోసం చేసే సరుకు కూడా ఇదే. అందుకని దీని దగ్గర కాస్త ఆగుదాం.

ఏఎస్ రావు నగర్ నుంచి ఒక పెద్దావిడ సంచిలో చీర తెచ్చిందనుకోండి. "ఎప్పటిదమ్మా ఇది?" అని కొట్టామె అడుగుతుంది. "మా పెద్దమ్మాయి పెళ్లప్పుడు కంచిలో కొన్నాం తల్లీ. ఇప్పుడీ బరువు నేనెక్కడ మొయ్యను?" సంచి విప్పగానే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. ఆ వాసన చూసి భయపడక్కర్లేదు. చీరను నాలుగు రోజులు నీడన గాలికి ఆరేస్తే పోతుంది. ఎండలో మాత్రం వేయకూడదు, రంగు దిగిపోతుంది. భయపడాల్సింది మడతల దగ్గర. పట్టుచీర ఏళ్ల తరబడి ఒకే మడతలో పడి ఉంటే మడత వెంబడి పోగు చిట్లుతుంది. బల్ల మీద పరిచి చూస్తే కనిపించదు. కిటికీకి అడ్డంగా పట్టి చూడాలి. మడత ఉన్నచోట సన్నని గీతలా వెలుతురు కారుతుంటే, ఆ చీర కట్టుకోవడానికి పనికిరాదు. ఒక్కసారి కూర్చుని లేస్తే చర్రున చిరుగుతుంది. ఆ తర్వాత చంకల దగ్గర చెమట మరకలు, కుచ్చిళ్ల దగ్గర ఫాల్ ఊడిన జాడ, చెప్పులు తగిలిన చోటు చూడాలి. చివరగా జరీ.

మంచి జరీలో వెండి ఉంటుంది, దానిమీద బంగారు పూత. పోగు మెల్లగా గీకితే లోపల ఎర్రపట్టు దారం కనిపిస్తుంది. "పాత పట్టుచీరలు కొంటాం" అని కాలనీల్లో తిరిగేవాళ్లకు కావలసింది ఆ వెండే. చీరను కాల్చి వెండి తీసుకుంటారు. వెండి ధర పెరిగే కొద్దీ ఆ బేరం జోరందుకుంటుంది. చిట్లిపోయిన చీరైతే సరే. నిక్షేపంగా ఉన్న చీర, ఒక నేతగాడు రోజుల తరబడి మగ్గం మీద వంగి నేసిన చీర, గుప్పెడు వెండి కోసం నిప్పుల పాలవడం మాత్రం మనసుకు కష్టంగా ఉంటుంది. కాప్రాలో మంచి సెకండ్ హ్యాండ్ కొట్టు ఒకటి ఉంటే ఆ చీరకు ఇంకో దారి దొరుకుతుంది. అందుకే ధర చెప్పే ముందు కొట్టామె రెండు లెక్కలు వేసుకోవాలి. వెండిగా దీని వెల ఎంత? చీరగా ఎంత? చీరగా వెల ఎక్కువ ఉంటే, ఆ పెద్దావిడకు వెండి వ్యాపారి కంటే పైమాట చెప్పగలదు. అప్పుడు ఆ ఇంటి నుంచి రెండో చీర కూడా వస్తుంది. ఆవిడ చెబితే పక్కింటి నుంచీ వస్తుంది.

ఇలాంటి చీర ఈ రోజుల్లో ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. పాత పట్టుచీరతో లాంగ్ ఫ్రాక్, పాత పట్టుచీరతో లెహెంగా, పసిపిల్లకు పట్టు లంగా. ఇవాళ తెలుగు ఇళ్లల్లో బాగా నడుస్తున్న ఫ్యాషన్ ఇది. ఫంక్షన్‌కు తల్లీకూతుళ్లు ఒకే చీరలోంచి కుట్టించుకున్నవి వేసుకుని వస్తున్నారు. పెద్ద అంచు ఉంటే లెహెంగాకు అందం. కొంగు నిండుగా ఉంటే జాకెట్టుకూ చేతులకూ సరిపోతుంది. మధ్య బట్ట చిట్లిపోయి అంచు గట్టిగా ఉంటే, అంచు కోసి కొత్త బట్టకు వేయవచ్చు. అందువల్ల కొట్టామె పక్కన మంచి టైలర్ ఉండి తీరాలి. అద్దం ముందు నిలబడ్డ అమ్మాయికి చీరను చీరగా మాత్రమే చూపిస్తే సగం అమ్మకం పోతుంది. కుట్టించిన ఫ్రాక్ ఒకటి పైన తగిలించి, "ఇది అలాంటి చీరలోంచి వచ్చిందే" అని చూపిస్తే చాలు.

జాకెట్ల విషయానికొస్తే చిక్కే. మగ్గం వర్క్ జాకెట్టు కొన్నిసార్లు చీర కంటే ఖరీదు పలుకుతుంది. అది ఒకరి కొలతకు కుట్టింది. ఇంకొకరికి పట్టాలంటే పక్క కుట్లలో మార్జిన్ బట్ట వదిలి ఉండాలి. జాకెట్టు కొనేముందు లోపలి వైపు తిప్పి ఆ మార్జిన్ చూసుకోవాలి. లేకపోతే ఎంత పని చేసి ఉన్నా వద్దని చెప్పేయడమే మంచిది.

ఇప్పుడు కుర్రాళ్ల బట్టలు. ఇక్కడ ఫ్యాషన్ వదులు వైపు తిరిగింది. వదులు ప్యాంట్లు, భుజం జారిన చొక్కాలు, కార్గోలు. కాళ్లకు అంటుకుపోయే జీన్స్ వెనకబడ్డాయి. తండ్రి వయసువాళ్లు అప్పట్లో వేసుకున్న వదులు నూలు చొక్కా ఇవాళ కొడుకు వయసు కుర్రాడికి సరిగ్గా ఫ్యాషన్. 1970ల్లో తెలుగు హీరోలు వేసుకున్న బెల్‌బాటమ్ కూడా ఈ మధ్య అడుగున వెడల్పైన జీన్స్ రూపంలో మళ్లీ కనిపించింది. చొక్కా అయితే కాలర్ లోపలి మడత చూడాలి. అక్కడ పసుపు మరక పట్టి ఉంటే పోదు. జీన్స్ అయితే తొడల మధ్య బట్ట పలచబడిందేమో చూడాలి. అంతే.

ఈ తిరిగి రావడం వెనక ఒక తీరుంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పనిచేసిన జేమ్స్ లేవర్ 1937లో తన పుస్తకంలో దీన్ని లెక్కగట్టి చెప్పాడు. ఫ్యాషన్ పోయిన ఏడాదికే ఆ బట్ట నాసిగా కనిపిస్తుంది. పదేళ్లకు చూడబుద్ధి కాదు. ముప్పై ఏళ్లకు సరదాగా ఉంటుంది. డెబ్బై ఏళ్లకు ముచ్చటేస్తుంది. లెక్క సరిగ్గా ఇలాగే నడవకపోవచ్చు. కాని కొట్టామెకు ఇది పనికొస్తుంది. నిన్నమొన్నటి ఫ్యాషన్ బట్టలు ఎంత కొత్తగా ఉన్నా ఆచితూచి కొనాలి. తరం దాటినవి దొరికితే ధైర్యంగా కొనవచ్చు. నిన్నటి బట్ట కంటే మొన్నటి తరం బట్టకే గిరాకీ.

మీలో కొందరికి ఈపాటికి ఒక సందేహం వచ్చే ఉంటుంది. ఒకరు కట్టి విడిచిన బట్ట మనం వేసుకోవడమా? చాలామంది మనసులో ఉన్న మాటే అది. తేలిగ్గా తీసిపారేయకూడదు.

వేసిన బట్టను మళ్లీ ముట్టని మనసూ, పాత బట్టతోనే గడిపే మనసూ మన హైదరాబాద్‌లో ఒకే వంశంలో కనిపించాయి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదని చెబుతారు. పురానీ హవేలీకి వెళ్తే ఆయన బట్టల బీరువా ఇప్పటికీ చూడవచ్చు. దాన్ని బీరువా అనడం కూడా కష్టమే. 176 అడుగుల పొడవు, రెండు అంతస్తుల ఎత్తు. ఆయన కొడుకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడంటూ ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది. ఆ ధనవంతుడు నలిగిన షేర్వాణీ, పాత టోపీతోనే ఏళ్లు గడిపాడు.

మామూలు ఇళ్లల్లో కూడా పాత బట్ట అంటే అంత దూరం ఏమీ లేదు. అక్క పరికిణీ చెల్లెలికి వచ్చేది. అమ్మ చీరలు కలిపి కుడితే బొంత అయ్యేది. పసిబిడ్డ పుట్టగానే మొదట చుట్టేది మెత్తబడ్డ పాత నూలు బట్టలోనే. అంటే అభ్యంతరం పాత బట్టతో కాదు, ముక్కూమొహం తెలియనివాళ్ల బట్టతో. దానికి కొట్టామె దగ్గర ఉన్న జవాబు శుభ్రత ఒక్కటే. కొన్న ప్రతి బట్టా ఉతికి, లేదా డ్రై క్లీనింగ్ చేయించి, ఇస్త్రీ పెట్టి, అప్పుడే స్టాండుకు తగిలించాలి. పట్టుచీరలకు రోలింగ్ చేయించాలి. చిన్న చిరుగుంటే రఫూ చేయించాలి. ఆ సంగతి కొనేవాళ్లకు దాచకుండా చెప్పాలి. "ఇక్కడ చిన్న రఫూ ఉందమ్మా, చూసుకోండి" అని ముందే చూపించే కొట్టుకు మనుషులు మళ్లీ వస్తారు. ఆ ఖర్చంతా కొనే ధర లెక్కలోనే ముందుగా ఉండాలి. అందుకే మళ్లీ చెప్పుకుందాం. లాభం కొనేటప్పుడే తేలిపోతుంది.

ఎప్పుడు కొనాలి? దీనికి మన పంచాంగమే సాయం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. పెద్ద పెద్ద షోరూములు ఆషాఢం సేల్ అని బోర్డులు కడతాయి. జనం కొత్త చీరలు తెచ్చుకుంటారు. కొత్తవి వస్తే బీరువాలో చోటు కావాలి. అప్పుడు పాతవి బయటికి వస్తాయి. కొట్టామె చేతిలో డబ్బు పెట్టుకుని ఎదురుచూడాల్సిన నెల అదే. శ్రావణం రాగానే అమ్మకం మొదలు. వరలక్ష్మీ వ్రతం, పెళ్లిళ్లు, ఆ తర్వాత బతుకమ్మ, దసరా. బతుకమ్మ తొమ్మిది రోజులూ రోజుకో చీర కట్టాలని ఏ ఆడపిల్లకు ఉండదు? తొమ్మిది కొత్త చీరలు కొనడం ఎంతమందికి వీలవుతుంది? కాలేజీల్లో ట్రెడిషనల్ డే, ఫేర్‌వెల్ ఉండనే ఉన్నాయి. ఒక్కరోజు కట్టుకోవడానికి చీర కావాలి. హాస్టల్లో ఉన్న పిల్లకు అమ్మ బీరువా ఊళ్లో ఉండిపోయింది. చీరకు సైజు గొడవ కూడా లేదు. సన్నగా ఉన్నా లావుగా ఉన్నా ఐదున్నర మీటర్ల చీర అందరికీ సరిపోతుంది. కొత్తగా కొట్టు పెట్టేవాళ్లు చీరలతో మొదలుపెట్టడం మంచిదనడానికి ఇదొక్కటే చాలు.

కొనే పద్ధతి గురించి ఒక విదేశీ కథ. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో టూసాన్ అనే ఊరుంది. 1974లో అక్కడ కెర్‌స్టిన్ బ్లాక్ అనే ఆమె, భర్త స్పెన్సర్ కలిసి ఒక చిన్న పాత బట్టల కొట్టు పెట్టారు. పేరు బఫెలో ఎక్స్చేంజ్. ఇవాళ దానికి అమెరికాలో చాలా నగరాల్లో శాఖలున్నాయి. పద్ధతి చాలా సాదా. జనం తమ బట్టలు తెచ్చి బల్ల మీద పెడతారు. కొట్టువాళ్లు వాళ్ల ముందే ఒక్కొక్కటీ చూసి, ఇప్పుడు నడిచేవి ఏరుకుంటారు. మిగిలినవి తిరిగి ఇచ్చేస్తారు. డబ్బు కావాలంటే ఒక రేటు. అదే కొట్టులో ఇంకో బట్ట తీసుకుంటే అంతకంటే మంచి రేటు. మన గంపామె ఇంటావిడకు స్టీలు డబ్బా ఇచ్చే పద్ధతికీ దీనికీ పెద్ద తేడా లేదు. కాప్రా కొట్టుకూ ఇది బాగా పనికొస్తుంది. ఒక అమ్మాయి రెండు కుర్తాలు ఇచ్చి ఒక చీర తీసుకెళ్తుంది. చేతి డబ్బు కదలకుండానే సరుకు మారుతుంది. పైగా ఆ అమ్మాయి ఏం ఇచ్చింది, ఏం తీసుకుంది అన్నది చూస్తే ఫ్యాషన్ ఎటు పోతోందో ఏ పత్రికా చదవకుండానే తెలుస్తుంది. ఒక చిన్న నోటు పుస్తకంలో రోజూ రాసుకుంటే చాలు.

"వద్దు" అనడం మాత్రం నేర్చుకోవాలి. తెలిసినావిడ పది బట్టలు తెస్తే మొహమాటానికి పదీ తీసుకోవడం మన అలవాటు. అలా తీసుకున్నవి స్టాండ్ల నిండా వేలాడతాయి. మంచి చీర వాటి వెనక దాగిపోతుంది. "ఈ మూడూ ఇవ్వండి అత్తమ్మా, మిగతావి ఇక్కడ నడవవు" అని నవ్వుతూ చెప్పగలగాలి.

సరుకు ఇళ్ల నుంచే రావాలా, బజారు నుంచి తెచ్చుకోకూడదా అంటే, తెచ్చుకోవచ్చు. ఆదివారం ఎర్రగడ్డ సంతలో, గురువారం పాతబస్తీ వైపు జుమేరాత్ బజార్‌లో పాత బట్టలు కుప్పలుగా పోసి అమ్ముతారు. పొద్దున్నే వెళ్లి, ఓపిగ్గా ఏరుకుంటే మంచివి దొరుకుతాయి. విదేశాల నుంచి వచ్చే బేళ్ల సంగతి మాత్రం వేరు. వాడిన బట్టల దిగుమతి మీద మన దేశంలో ఆంక్షలున్నాయి. లైసెన్సు కావాలి. గుజరాత్‌లోని కాండ్లా ప్రత్యేక ఆర్థిక మండలిలో ఆ బట్టలను వేరుచేసి, చాలావరకు మళ్లీ విదేశాలకే పంపుతారు. ఉన్ని బట్టలు ముక్కలై పానిపట్‌కు చేరి దుప్పట్లవుతాయి. బేలు కొనడం జూదం లాంటిదని ఘనా దేశం చూపిస్తోంది. అక్కడ ఆక్రా నగరంలో కాంటమాంటో అనే పెద్ద పాత బట్టల బజారు ఉంది. 2025 జనవరి మొదట్లో అగ్నిప్రమాదంలో చాలావరకు కాలిపోయి వార్తల్లోకి వచ్చింది. అక్కడి వ్యాపారులు మూట విప్పకుండానే డబ్బు కడతారు. లోపల ఏముందో దేవుడికే తెలియాలి. చవకగా తయారై నాలుగు ఉతుకులకే సాగిపోయే బట్టలు పెరిగాక ఆ మూటల్లో అమ్ముకోదగ్గవి తగ్గిపోయాయని వాళ్ల గోడు. కాప్రా కొట్టామెకు ఆ అవస్థ అక్కర్లేదు. ప్రతి బట్టనూ చేత్తో తాకి, వెలుతురులో చూసి కొనే అవకాశం ఆమెకుంది. దాన్ని వదులుకోకూడదు.

ఎంత చూసి కొన్నా కొంత మిగులుతుంది. మూడు నెలలు తగిలించినా ఎవరూ అడగని చీర ఉంటుంది, చిన్న సైజు ప్యాంటు ఉంటుంది. వాటిని ఏం చేయాలన్నది కాప్రాకు మిగతా ఊరికంటే ఎక్కువ పట్టాల్సిన విషయం. హైదరాబాద్ నగరం చెత్త చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు కాప్రాకు పక్కనే ఉంది. గాలి ఇటు తిరిగినప్పుడు ఆ వాసన ఏమిటో ఈ చుట్టుపక్కల కాలనీలవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నూలు చీర చెత్తలో పడితే కుళ్లుతుంది. పాలియెస్టర్ అంత తేలిగ్గా కుళ్లదు. అందుకే మిగిలిన సరుకును మూటగట్టి చెత్తబండిలో వేయకుండా ఇంకో దారి ముందే చూసుకోవాలి. కట్టుకోదగ్గవి గూంజ్ లాంటి సంస్థలకు ఇవ్వవచ్చు. అంశు గుప్తా 1999లో మొదలుపెట్టిన ఆ సంస్థ, ఊళ్లల్లో చెరువులు, బావులు బాగుచేసుకున్న గ్రామస్తులకు ఆ పనికి బదులుగా బట్టలు అందిస్తుంది. ఆయనకు 2015లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మెత్తటి నూలు చీరలు బొంతలు కుట్టేవాళ్లకు ఇవ్వవచ్చు. మడతల దగ్గర చిట్లిన పట్టుచీరకు చివరికి వెండి వ్యాపారే దిక్కు, అదీ అంచు కోసుకున్నాకే.

ఈసారి ఆషాఢంలో మీ బీరువా సర్దుకునేటప్పుడు పట్టుచీరల మడతలు ఒక్కసారి విప్పి, తిరగేసి, ఇంకో వైపు మడత పెట్టండి. అమ్మేవాటినీ, ఉంచుకునేవాటినీ కూడా. ఆరు నెలలకోసారి ఇలా చేస్తే పోగు చిట్లదు. అప్పుడు ఆ చీర మీ మనవరాలికైనా, కాప్రా కొట్టులో అద్దం ముందు నిలబడే ఇంకో అమ్మాయికైనా కట్టుకోవడానికి పనికొస్తుంది.